తుఫాను సాయం: ఏడు సంస్థలు కలిసి పనిచేయాలంటే ఉమ్మడి ఖాతా తెరవాలా? ఊళ్ల పంపకం, లెక్కలు ఎలా?

కరకట్ట (ప్రశ్న):

అందరికీ నమస్కారం. కృష్ణా జిల్లాలో సముద్రం పక్క మండలాల్లో పనిచేసే ఏడు చిన్న సంస్థలు వచ్చే అక్టోబరు లోపు ఒక ఉమ్మడి పద్ధతి రాసుకోవాలనుకుంటున్నాయి. వీటిలో రెండు ట్రస్టులు, మూడు సొసైటీలు, ఒక చర్చి సేవా విభాగం, రిజిస్ట్రేషను లేని ఒక యువజన సంఘం ఉన్నాయి. విదేశీ విరాళాలు తీసుకోవడానికి కావలసిన ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉన్నది ఒక్క ట్రస్టుకే.

సమస్య పాతదే. తుఫాను వెలిసిన రెండో రోజుకి మెయిన్ రోడ్డు మీదున్న ఊరికి నాలుగు లారీలు వస్తాయి. కరకట్ట దిగి మూడు కిలోమీటర్లు లోపలికి పోవాల్సిన కాలనీకి ఒక్కటీ రాదు. ఒకే ఇంటికి మూడు దుప్పట్లు అందుతాయి, పక్కింటికి ఒక్కటీ అందదు. దాతలు లెక్క అడిగితే ఎవరి ఫొటోలు వాళ్లు చూపిస్తారు. సాయం తీసుకున్నవాళ్లు లెక్క అడగడానికి మాత్రం దారే లేదు.

మా ముందున్న ప్రతిపాదన ఇది: ఏడింటికీ కలిపి ఒకే బ్యాంకు ఖాతా, ఒకే కమిటీ. ఇది సరైనదేనా? ఊళ్లు ఎలా పంచుకోవాలి? ఊరివాళ్లకు మేం జవాబు చెప్పే ఏర్పాటు ఎలా పెట్టాలి? అమెరికాలో ఉన్న మన ఊరివాళ్లు కూడా ఇస్తామంటున్నారు, ఆ డబ్బు ఎలా తీసుకోవాలి? పని చేసి చూసినవాళ్లు చెప్తే మేలు.

ఉప్పుటేరు:

ఉమ్మడి ఖాతా మాట ముందు పక్కన పెట్టండి. మీరు కలపాల్సింది సమాచారం. డబ్బు ఎవరిది వాళ్ల దగ్గరే ఉండొచ్చు. డబ్బు కలిపితే తొలి పదిహేను రోజులూ చెక్కు మీద ఎవరు సంతకం పెట్టాలన్న దాంట్లోనే పోతాయి. అసలు పని వెనకబడుతుంది.

మనకు దగ్గరలోనే మంచి ఉదాహరణ ఉంది. 2004 డిసెంబరు 26 సునామీలో తమిళనాడులో పోయిన దాదాపు 8,000 ప్రాణాల్లో 6,000కు పైగా ఒక్క నాగపట్నం జిల్లావే. రోజుల్లోనే వందల సంస్థలు అక్కడ దిగాయి. అప్పుడు మత్స్యకార సంఘాల సమాఖ్య సిఫ్స్, స్థానిక సంస్థ స్నేహ కలిసి కలెక్టరేట్ ఆవరణలోనే ఒక సమన్వయ కేంద్రం పెట్టాయి. తర్వాత అదే ఎన్‌సీఆర్‌సీ (స్వచ్ఛంద సంస్థల సమన్వయ, వనరుల కేంద్రం) అయింది. దాని ముఖ్యమైన పని సమాచారమే: ఏ ఊళ్లో ఏం కావాలి, ఎవరు ఏం తెచ్చారు, కొత్తగా దిగిన లారీ ఎటు పోవాలి. అధికారులున్న ఆవరణలోనే ఉండడం వల్ల ప్రభుత్వం ఏమిస్తోందో వీళ్లకు తెలిసేది, సంస్థలు ఏమిస్తున్నాయో అధికారులకు తెలిసేది. మీరు కూడా తహసీల్దారు ఆఫీసులోనో ఎంపీడీవో ఆఫీసులోనో ఒక బల్ల, రెండు కుర్చీలు ఇమ్మని ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి. తుఫాను వచ్చాక అడిగితే ఇచ్చే తీరిక ఎవరికీ ఉండదు.

అంత ఏర్పాటున్నా అక్కడ రెండు పెద్ద పొరపాట్లు జరిగాయి. ఒకటి, దేశం నలుమూలల నుంచి వచ్చిన పాత బట్టలు రోడ్ల పక్కన కుప్పలుగా పడి, వాటిని ఎత్తించడమే మళ్లీ ఒక పనైంది. రెండోది పడవలు. పడవ కంటికి కనిపిస్తుంది, దాని మీద సంస్థ పేరు రాయొచ్చు, దాతకు ఫొటో పంపొచ్చు. అందుకని అందరూ పడవలే ఇస్తామన్నారు. కొన్నిచోట్ల సునామీకి ముందున్న వాటికంటే ఎక్కువయ్యాయి. హడావిడిగా పుట్టుకొచ్చిన యార్డుల్లో చేసిన ఫైబర్ పడవల నాణ్యత మీద మత్స్యకార సంఘాలే గొడవ పెట్టాల్సి వచ్చింది. మరోపక్క పడవ లేని వాళ్లు, అంటే పొలం కూలీలు, చేపలు మోసి అమ్ముకునే ఆడవాళ్లు, వెనకబడిపోయారు. నష్టాన్ని పడవల్లో కొలిస్తే పడవ లేని ఇంటికి నష్టమే లేనట్టు లెక్క.

కాబట్టి మీ పట్టికలో 'కావాలి' గడి ఎంత ముఖ్యమో 'ఇక చాలు' గడి అంత ముఖ్యం.

పట్టిక ఇలా పెట్టుకోండి. ఒక్కో వరుస ఒక్కో ఆవాసానికి. పంచాయతీకి ఒక వరుస పెడితే ప్రధాన గ్రామానికి ఇచ్చింది పంచాయతీ మొత్తానికి ఇచ్చినట్టు కనబడి, ఎస్సీ కాలనీ, యానాదుల గుడిసెలు, చెరువు గట్టు మీది ఇళ్లు మాయమైపోతాయి. గడులు: ఆవాసం పేరు, పంచాయతీ ఎల్‌జీడీ కోడ్ (ప్రతి పంచాయతీకీ ప్రభుత్వం ఇచ్చిన విడి సంఖ్య), మొత్తం ఇళ్లు, దెబ్బతిన్న ఇళ్లు, కావలసిన వస్తువు, ఎన్ని, ఏ సంస్థ, ఏ తేదీ, స్థితి, చూసి ధ్రువీకరించింది ఎవరు. ఆ కోడ్ ఎందుకంటే మన జిల్లాల్లో 'కొత్తపాలెం'లు లెక్కలేనన్ని. పేరు ఒక్కటే రాస్తే లారీ తప్పు మండలానికి పోతుంది.

స్థితి గడిలో మూడే మాటలు ఉండాలి: 'అనుకున్నాం', 'బయల్దేరింది', 'అందింది'. 'అనుకున్నాం' అని రాసి 24 గంటల్లో లారీ బయల్దేరకపోతే ఆ వరుస దానంతటదే ఖాళీ అయినట్టు లెక్క. ఈ ఒక్క నియమం లేకపోతే పట్టిక మొత్తం పాడైపోతుంది. బస్సు కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేసినట్టు సంస్థలు ఊళ్ల మీద కర్చీఫులు వేస్తాయి. ఒకరి పేరు ఉంది కదా అని మిగతావాళ్లు ఆ ఊరు వదిలేస్తారు, ఆ ఒకరేమో రారు.

ఈ పట్టికను ఆన్‌లైన్ షీట్‌గా పెట్టి, మార్చే అధికారం సంస్థకు ఒక్కరికే ఇవ్వండి, చూసే అధికారం అందరికీ ఇవ్వండి. కరెంటు, సిగ్నలు పోతాయి కాబట్టి బల్ల దగ్గర గోడకు అదే పట్టిక కాగితం మీద కూడా ఉండాలి. రోజూ సాయంత్రం ఆరింటికి అరగంట సమావేశం. ఈరోజు ఏం చేశామన్న వర్ణనలు వద్దు. ఖాళీ వరుసలు చదవడం, రేపు వాటిని ఎవరు తీసుకుంటారో రాయడం, అంతే. వారం తర్వాత రోజు విడిచి రోజు, నెల తర్వాత వారానికోసారి.

వాట్సాప్ గ్రూపును మాత్రం సమన్వయం అనుకోవద్దు. "ఫలానా ఊళ్లో పాలపొడి కావాలి" అన్న సందేశం, ఆ అవసరం తీరిపోయాక కూడా మూడు రోజులు తిరుగుతూనే ఉంటుంది. ప్రతి సందేశంలో ఆవాసం పేరు, తేదీ, గంట, చూసిన మనిషి పేరు లేకపోతే దాన్ని షీట్‌లోకి ఎక్కించవద్దు.

ఆడిటు_ఫైలు:

డబ్బు సంగతి నేను చెప్తాను. ఉమ్మడి ఖాతా వద్దనడానికి చట్టాలే చాలినంత కారణం.

మొదటిది ఎఫ్‌సీఆర్‌ఏ. 2020 సవరణ తర్వాత విదేశీ విరాళం తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. ఆ రెండో సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్నా సరే, చేయకూడదు. విదేశీ డబ్బు ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ఆ సంస్థ పేరున ఉన్న ప్రత్యేక ఖాతాకే రావాలి. పాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు. అంటే మీ ఏడింటిలో ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న ట్రస్టు తన సొంత పేరుతో, తన సొంత బిల్లులతో ఖర్చు పెట్టాలి. మిగతా ఆరింటికీ వాటాలు వేసి పంచితే ఉల్లంఘనే.

రెండోది ఆదాయపు పన్ను. ఒక ట్రస్టు ఇంకో ట్రస్టుకు విరాళం ఇస్తే, 2023 ఆర్థిక చట్టం నుంచి అందులో 85 శాతమే ఖర్చు కింద లెక్కకు వస్తుంది. చేతులు మారిన ప్రతిసారీ లెక్కలో కొంత కరిగిపోతుందన్నమాట. అదీకాక రిజిస్ట్రేషను లేని యువజన సంఘం పేరు మీద డబ్బు పడకూడదు. వాళ్లకు మనుషులు, పడవలు, స్థానిక పరిచయాలు ఉంటాయి. అదే వాళ్ల భాగం.

అమెరికా డబ్బు గురించి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు అక్కడ ఉంటూ తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు కాపీ తీసుకుని ఫైల్లో పెట్టండి. పౌరసత్వం మారినవాళ్లు, భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఇస్తే అది విదేశీ విరాళమే. అక్కడ రిజిస్టరైన తెలుగు సంఘం ఖాతాలో అందరి డబ్బూ పోగేసి పంపినా విదేశీ విరాళమే, ఇచ్చినవాళ్లలో సగం మంది భారత పౌరులైనా సరే. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు: "మన ఊరి అబ్బాయే కదా" అని మామూలు ఖాతా నంబరు ఇచ్చేస్తారు.

సెక్రటరీ సొంత ఫోన్‌పే నంబరు పోస్టరు మీద వేయడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. సంస్థ ఖాతాకు ముడిపెట్టిన క్యూఆర్ కోడ్ ఇప్పుడే తీసుకుని పెట్టుకోండి. దాతకు ఆదాయపు పన్నులో 80జి మినహాయింపు రావాలంటే 2,000 రూపాయలకు మించింది నగదుగా ఉండకూడదు. బియ్యం, దుప్పట్లు ఇచ్చినవాళ్లకు 80జి వర్తించదు. ఆ మాట ముందే చెప్పండి, తర్వాత గొడవ ఉండదు. ఖర్చు వైపు చూస్తే, ఒక్కరికి ఒక్క రోజులో 10,000 మించి నగదు ఇచ్చిన చెల్లింపు లెక్కలో నిలవదు. హమాలీ, పడవ అద్దెల దగ్గరే ఇది ఎక్కువ జరుగుతుంది (లారీ కిరాయికి మాత్రం హద్దు 35,000). ఆ చెల్లింపులు ఖాతాకే పంపండి.

కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) డబ్బు వస్తే తీసుకునే సంస్థకు కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 నమోదు ఉండాలి. ముఖ్యమంత్రి సహాయనిధికి ఇచ్చింది సీఎస్‌ఆర్‌గా చెల్లదు, రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థకు ఇస్తే చెల్లుతుంది. ఈ తేడా తెలిసిన కంపెనీలు కూడా మీలాంటి చిన్న సంస్థల కోసం వెతుకుతుంటాయి.

కొత్త బ్యాంకు ఖాతా అక్కర్లేదు, కానీ ప్రతి సంస్థా ఈ తుఫానుకంటూ ఒక విడి లెడ్జరు తెరవాలి. ఏడు సంస్థలూ ఖర్చు పద్దులకు ఒకే పేర్లు వాడండి: సరుకు, రవాణా, హమాలీ, వంట, నీళ్లు, వైద్యం, పాలన. నెలాఖరుకు ఏడు షీట్లు పక్కపక్కన పెడితే ఉమ్మడి లెక్క అదే తయారవుతుంది. రవాణా, హమాలీలను సరుకు ధరలో కలిపేసి "పాలనా ఖర్చు సున్నా" అని చాటుకోవడం వద్దు. లారీకి డీజిల్ పోయాలని దాతలకు తెలుసు.

ఇంకొక్క మాట. విపత్తు నిర్వహణ చట్టం 2005లో 53వ సెక్షన్ ప్రకారం సాయం కోసం అప్పగించిన డబ్బునో సరుకునో స్వాహా చేస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. ఇది అధికారులకే అనుకుంటారు. చేతికి అప్పగించిన ఎవరికైనా వర్తిస్తుంది.

గాడిపొయ్యి:

పై రెండు జవాబులూ బాగున్నాయి కానీ ఒక హెచ్చరిక. మొదటి 72 గంటలు ఇంటింటి జాబితా అడగొద్దు. నీళ్లలో ఉన్నవాడికి ముందు కూడు, నీళ్లు. లెక్కను మనుషుల తలల మీద కాకుండా కేంద్రాల మీద పెట్టండి: ఏ షెల్టరుకు, ఎన్ని గంటలకు, ఎన్ని పొట్లాలు, తీసుకున్నది ఎవరు. ఆ మూడు రోజులకు అంత చాలు.

వండిన అన్నం సంగతి చాలామందికి తెలియదు. వేడివేడి అన్నం ప్లాస్టిక్ కవర్లో కట్టి మూతి బిగిస్తే ఆవిరి లోపలే నీరై మూడు నాలుగు గంటల్లో పాచిపోతుంది. సాంబారన్నం, పెరుగన్నం పంపొద్దు. పులిహోర మేలు, చింతపండు పులుపు వల్ల కాస్త నిలుస్తుంది. అదీ పళ్లెంలో ఆరబెట్టాకే కట్టాలి. ప్రతి సంచి మీద వంట దించిన సమయం మార్కరుతో రాయండి. నాలుగు గంటలు దాటితే పంచొద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట వైపు మునిగినప్పుడు అందరికీ అర్థమైంది ఇదే: పొట్లాలు నగరంలో కావలసినన్ని తయారవుతాయి, ఫ్లైఓవర్ దాకా వస్తాయి, అక్కడి నుంచి నడుము లోతు నీళ్లలో చివరి సందు దాకా చేర్చేది ఎవరన్నదే ప్రశ్న. కాబట్టి పట్టికలో వంట చేసే సంస్థ పక్కనే 'చివరి కిలోమీటరు ఎవరిది' అని ఒక గడి పెట్టండి. ఆ గడి ఖాళీగా ఉంటే పొయ్యి వెలిగించవద్దు.

నీళ్లకు అంతర్జాతీయంగా వాడే స్ఫియర్ ప్రమాణం మనిషికి రోజుకు 15 లీటర్లు, తాగడానికీ వాడకానికీ కలిపి. 5,000 లీటర్ల ట్యాంకరు అంటే సుమారు 330 మందికి ఒక రోజు. కుళాయికి 250 మంది, చేతిపంపుకు 500 మంది దాటకూడదు. మరుగుదొడ్డికి మొదట్లో 50 మంది, తర్వాత 20కి తేవాలి. అందరూ వాడేచోట మగవాళ్లకు ఒకటి ఉంటే ఆడవాళ్లకు మూడు ఉండాలి. నీళ్ల సీసాలు లారీల కొద్దీ తెచ్చే బదులు మూత ఉన్న 20 లీటర్ల క్యాను ఇంటికి రెండు, వాటితో క్లోరిన్ బిళ్లలు ఇవ్వండి. మామూలుగా దొరికే అర గ్రాము బిళ్ల 20 లీటర్లకు ఒకటి. వేసి అరగంట ఆగి తాగాలని చెప్పకపోతే, వాసన వస్తోందని పారబోస్తారు.

కరకట్ట:

అందరికీ ధన్యవాదాలండీ. ఉమ్మడి ఖాతా ప్రతిపాదన తీసేస్తున్నాం. రెండు సందేహాలు. నాలుగో రోజు నుంచి కిట్లు ఇచ్చేటప్పుడు ఇళ్ల జాబితా ఎక్కడి నుంచి తీసుకోవాలి? రేషన్ కార్డుల జాబితా చాలా? రెండోది, ఫిర్యాదుల పెట్టె పెడితే సరిపోతుందా?

వాడవాడ:

రెండూ సరిపోవు. వివరంగా చెప్తాను, మీ పనంతా నిలబడేదీ పడేదీ ఇక్కడే.

రేషన్ కార్డుల జాబితా మొదలు పెట్టడానికి పనికొస్తుంది, ముగించడానికి పనికిరాదు. దానిలో తప్పిపోయేవాళ్లు: కార్డు వేరే మండలంలో ఉండి ఇక్కడ అద్దెకుంటున్నవాళ్లు, ఒకే కప్పు కింద విడి వంటలున్న కొడుకు కోడలు, కాలవ గట్టు మీద పట్టా లేకుండా ఉండే యానాదులు, రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండే కుటుంబాలు, ఇటుక బట్టీలకు వలస వచ్చినవాళ్లు, ఒంటరి ఆడవాళ్లు. వీళ్లే అందరికంటే ఎక్కువ దెబ్బతింటారు. జాబితాలో ముందు లేకుండా పోయేదీ వీళ్లే.

అందుకని మూడు చేతుల్లోంచి జాబితా తీసుకోండి: గ్రామ సచివాలయం, డ్వాక్రా గ్రామ సమాఖ్య, ఆశా లేదా అంగన్‌వాడీ కార్యకర్త. మూడింటినీ పక్కపక్కన పెడితే ఎక్కడ తేడా ఉందో అక్కడికే నడిచి వెళ్లండి. 300 ఇళ్ల ఊరికి ఇద్దరిద్దరు చొప్పున మూడు జట్లు ఒక పూటలో తిరగొచ్చు. లెక్క పొయ్యిని బట్టి కట్టండి, కార్డును బట్టి కాదు. ఊరి పెద్ద ఒక్కరే జాబితా ఇస్తానంటే మర్యాదగా తీసుకోండి, అది నాలుగోది అవుతుంది.

కిట్ పరిమాణం ఏడు సంస్థలకూ ఒకటే ఉండాలి, ఇది గట్టిగా చెప్తున్నాను. ఒక వీధిలో 10 కిలోల బియ్యం, పక్క వీధిలో 25 కిలోలు ఇస్తే ఊళ్లో చిచ్చు పెట్టినట్టే. మనిషికి రోజుకు 400 గ్రాముల బియ్యం, 60 గ్రాముల పప్పు, 25 గ్రాముల నూనె లెక్కన నలుగురున్న ఇంటికి పది రోజులకు 16 కిలోల బియ్యం, రెండున్నర కిలోల పప్పు, ఒక లీటరు నూనె. దానికి ఉప్పు, కారం, పసుపు, చింతపండు కలపండి. మనిషికి నెలకు పావుకిలో ఒంటి సబ్బు, 200 గ్రాముల బట్టల సబ్బు. ఆడవాళ్లకు ప్యాడ్లో, మెత్తటి నూలు గుడ్డో ఏది వాడతారో అడిగి ఇవ్వండి. ఆరుగురికి మించి ఉన్న ఇంటికి రెండో బియ్యం సంచి అని ముందే రాసుకోండి. పాత బట్టలు తీసుకోబోమని మొదటి పోస్టరు మీదే వేయండి.

పంపిణీకి ముందురోజు సాయంత్రం ఇంటింటికీ వరుస సంఖ్య ఉన్న టోకెన్ ఇవ్వండి, రంగు రోజుకొకటి. ఒక బల్ల దగ్గర గంటకు 60 కుటుంబాలకు మించి అనుకోవద్దు. వృద్ధులకు, గర్భిణులకు, వికలాంగులకు వేరే వరుస, లేదా ఇంటికే చేర్చడం. పంపిణీ స్థలం ఏ కులం వాళ్ల గుడి ముందో, ఎవరి అరుగు మీదో ఉండకూడదు. బడి ఆవరణ మేలు. ఎస్సీ కాలనీ వాళ్లు ఊళ్లోకి వచ్చి క్యూలో చివర నిలబడే పరిస్థితి పెట్టొద్దు, అవసరమైతే పంపిణీ కాలనీలోనే మొదలుపెట్టండి. సాయంలో లింగం, కులం, వర్గం, వంశం, మతం ప్రాతిపదికన వివక్ష ఉండకూడదని విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షనే చెప్తోంది. చర్చి సేవా విభాగం ఉందన్నారు కదా, గుడి సంఘాలకైనా ఇదే మాట: కిట్‌లో మతపరమైన కరపత్రం ఒక్కటి కూడా ఉండకూడదు. ఆ ఒక్క కాగితం ఏడు సంస్థలనూ ఊళ్లోకి రానివ్వకుండా చేస్తుంది.

ఇప్పుడు జవాబుదారీ. సంతకాలు, వేలిముద్రలు దాతకు చూపించడానికి పనికొస్తాయి. ఊరికి జవాబు చెప్పాలంటే ఊరికి ముందే తెలియాలి. పంపిణీకి ముందురోజే మూడడుగుల బోర్డు పెట్టండి: సంస్థ పేరు, కిట్‌లో ఏమేం ఎంతెంత ఉన్నాయి, ఎన్ని ఇళ్లకు, ఏ కొలమానంతో ఎంచాం, తేదీ, ఫిర్యాదు నంబరు. అన్నింటికంటే పెద్ద అక్షరాలతో "దీనికోసం ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు". కిట్‌లో ఏముండాలో ఊరికి తెలిస్తే మధ్యలో పప్పు మాయం కాదు. చదవలేనివాళ్ల కోసం బోర్డులోని విషయమంతా మైకులో చదివించండి.

ఫిర్యాదుల పెట్టె గురించి అడిగారు. రాయడం రానివాళ్లు, రాస్తే ఎవరు రాశారో తెలిసిపోతుందని భయపడేవాళ్లు దాన్ని తాకరు. వాళ్లే ఎక్కువ. ఒక ఫోన్ నంబరు పెట్టి ఉదయం పది నుంచి ఐదింటి దాకా ఎత్తే మనిషిని పెట్టండి. పంపిణీ చోట ఒక ఆడమనిషిని విడిగా కూర్చోబెట్టండి, ఆమె పంపిణీ చేసే సంస్థకు చెందినది కాకూడదు. పేరు రాలేదన్న ఫిర్యాదుకు 48 గంటల్లో జవాబు. ఎవరైనా డబ్బు అడిగారన్నా, ఆడపిల్లలతో తప్పుగా ప్రవర్తించారన్నా ఆ వలంటీరు అదే రోజు పనిలోంచి పక్కకు రావాలి. విచారణ ఏడు సంస్థల్లో వేరే సంస్థ చేయాలి, నేరమైతే పోలీసులకు పోవాలి. సొంత మనిషిని సొంత సంస్థే విచారించే పద్ధతి పెట్టుకుంటే ఆ నంబరుకు రెండోసారి ఎవరూ ఫోన్ చేయరు.

ప్రతి ఫిర్యాదూ ఒక రిజిస్టరులో వరుస సంఖ్యతో ఉండాలి. ఒక్క ఫిర్యాదూ రాని పంపిణీని చూసి సంతోషపడొద్దు. చాలాసార్లు ఆ నంబరు ఎవరికీ తెలియలేదని అర్థం.

ఉప్పుటేరు:

వాడవాడ గారి మాటకు ఒక చేర్పు. పంపిణీ అయ్యాక ఇంటికి వెళ్లి తనిఖీ కూడా చేయాలి. ఇలాంటి తనిఖీ మన రాష్ట్రాలకు కొత్త కాదు. 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ జరిగింది ఇలాగే: మస్టరు (కూలీల హాజరు పట్టీ) పట్టుకుని ఇంటికి వెళ్లి అడగడం, తర్వాత గ్రామసభలో పైకి చదవడం. ఆ పద్ధతి తెలిసిన మనుషులు ఊళ్లలో ఇంకా ఉన్నారు, వాళ్లను పిలవండి.

పంపిణీ అయిన పది పదిహేను రోజులకు ప్రతి పదో ఇంటికి వెళ్లండి. 300 ఇళ్లైతే 30. వెళ్లేది ఇచ్చిన సంస్థ మనుషులు కాకూడదు, ఏడింటిలో మరొకరు. అడిగేవి ఐదే: అందిందా, ఎంత అందింది, ఎవరికైనా ఏమైనా ఇచ్చారా, వాడారా లేక అమ్మారా, మీకు తెలిసి రాని ఇల్లు ఉందా. అమ్మారంటే తిట్టొద్దు, ఆ వస్తువు ఆ ఇంటికి అవసరం లేదని పట్టికలో రాసుకోండి. ముప్పై ఇళ్లలో మూడు చోట్ల దుప్పటి అమ్మేశారంటే తర్వాతి ఊరికి దుప్పట్లు ఆపి గిన్నెలు పంపండి. అంగళ్లు తెరుచుకున్నాక అసలు కిట్లే ఆపి, నేరుగా ఖాతాలో డబ్బు వేయడం గురించి ఆలోచించండి. దివిసీమలో ఏ కిరాణా కొట్టు ఎన్నాళ్లకు తెరుస్తుందో ఆ ఊరివాళ్లకు తెలుసు, వాళ్లనే అడగండి.

ఒక్క విషయంలో జాగ్రత్త. పేర్ల జాబితా గోడకు అంటించేటప్పుడు ఇంటి పేరు, పేరు, వరుస సంఖ్య చాలు. వితంతువు, ఒంటరి మహిళ, జబ్బు, ఫోన్ నంబరు, ఆధార్ ఏవీ ఉండకూడదు. ఆధార్ జిరాక్సులు అసలు తీసుకోవద్దు. కార్డు చూసి చివరి నాలుగు అంకెలు రాసుకుంటే రెండుసార్లు రాకుండా చూడడానికి సరిపోతుంది. ఏడు సంస్థల ఆఫీసుల్లో వేల ఆధార్ కాపీలు అట్టపెట్టెల్లో పడి ఉంటే, అవి రేపు ఎవరి చేతిలో పడతాయో ఎవరూ చెప్పలేరు. అలాగే బియ్యం సంచి చేతిలో పెట్టి కెమెరా వైపు చూడమనడం మానేయండి. దాతకు సరుకు దిగుతున్న ఫొటో, బోర్డు ఫొటో పంపండి.

ఆడిటు_ఫైలు:

గోడౌను సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తాను. సరుకు ఎక్కువగా పోయేది అక్కడే.

లారీ దిగగానే లెక్కపెట్టి, తూకం వేసి, మూడు కాగితాల చలాను రాయాలి: ఒకటి పంపినవాళ్లకు, ఒకటి డ్రైవరుకు, ఒకటి గోడౌనుకు. కొన్న సరుకైతే ఇన్‌వాయిస్ ఉండాలి. పన్ను పడే సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (జీఎస్టీ కింద సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) కూడా. దారిలో తనిఖీకి ఆపితే 'సహాయ సామగ్రి' అన్న బ్యానరు చూపిస్తే సరిపోదు. ప్రతి వస్తువుకూ గోడకు ఒక కార్డు వేలాడదీయండి: వచ్చింది, పోయింది, మిగిలింది. లోపలికి రాసే మనిషీ బయటికి పంపే మనిషీ వేరు కావాలి. వారానికోసారి మరో సంస్థ వాళ్లు వచ్చి సంచులు లెక్కపెట్టాలి. బియ్యం నేల మీద పెట్టొద్దు, చెక్క పలకల మీద గోడకు అడుగు దూరంలో పేర్చండి. తుఫాను తర్వాతి తేమకు కింది వరుస నాలుగు రోజుల్లో ముక్కిపోతుంది. ముక్కిపోయింది కూడా రిజిస్టరులో 'పాడైంది, ఇన్ని కిలోలు' అని ఎక్కాలి, ఇద్దరి సంతకాలతో. నష్టం చూపించని గోడౌను లెక్కను ఏ ఆడిటరూ నమ్మడు.

మనం ఇచ్చిన సరుకే తిరిగి అంగట్లో అమ్మకానికి రాకుండా సంచుల మీద 'అమ్మకానికి కాదు' అన్న ముద్ర, తుఫాను నెల, సంవత్సరం వేయించండి.

ముగింపు తేదీ ఒకటి ముందే పెట్టుకోండి, తుఫాను నుంచి 90 రోజులు అనుకుందాం. ఆ రోజుకు మిగిలిన డబ్బు, సరుకు ఎంతో అదే బోర్డుల మీద రాయాలి. ఈ తుఫానుకని ఇచ్చిన డబ్బును దాత ఒప్పుకోకుండా ఆఫీసు అద్దెకు మళ్లించకూడదు. అందుకని రసీదు మీదే ఒక వాక్యం అచ్చు వేయించండి: "మిగిలితే ఇదే జిల్లాలో తర్వాతి విపత్తు సాయానికి వాడతాం." అంతకంటే చిన్న పని, అంతకంటే పెద్ద గొడవలు తప్పించే పని నాకు తెలియదు.

కరకట్ట:

గోడౌను భాగం పట్టికకు జత చేస్తున్నాం. తహసీల్దారు గారికి బల్ల కోసం ఉత్తరం ఈ వారమే ఇస్తాం. ఇంకొక్కటి: ఇదంతా తుఫాను లేని నెలల్లో మరిచిపోకుండా ఎలా?

వాడవాడ:

ఏటా సెప్టెంబరులో ఒక రోజు పెట్టుకోండి. ఆవాసాల పట్టికలో ఇళ్ల సంఖ్య సరిచూడడం, షెల్టరు తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయో చూడడం, ఫిర్యాదు నంబరుకు ఫోన్ చేసి ఎత్తుతున్నారో లేదో చూడడం, 1077కి చేసి జిల్లా కంట్రోల్ రూములో మీ ఏడు సంస్థల పేర్లు ఉన్నాయో కనుక్కోవడం. వీఆర్వో, తహసీల్దారు మారి ఉంటే కొత్తవాళ్లకు పట్టిక కాపీ చేతికిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. పడవలున్నవాళ్ల పేర్లు, డీజిల్ ఎక్కడ దొరుకుతుందో కూడా ఆ రోజే రాసుకోండి.